కాలిముద్ర పడ్డ కాగితం

మా ఫర్నిచర్ షాపుకి సామాను కొనడానికి వచ్చినవాళ్ళని నేను మొదట అడిగేది ఒకటే ప్రశ్న. మీ హాల్లో రోజూ ఎంతమంది కూర్చుంటారు? రోజూ అంటే రోజూ. చుట్టాలొచ్చినప్పుడు కాదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే అడుగుతున్నాను, ఇరవై రెండేళ్ళుగా జనం నాకు అబద్ధమే చెబుతున్నారు. ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్ళామూ ఇద్దరే, అందులో ఒకరు ఎప్పుడూ మంచం దిగరు. అయినా కనీసం ఎనిమిదిమంది పట్టాలండీ అంటారు. ఆ ఎనిమిదిమందీ ఎవరండీ అని అడిగితే మొహం మాడ్చుకుంటారు. నాకు నోటి దురుసు ఎక్కువని మా యజమాని అంటాడు. కొలత తప్పదు కనక భరిస్తున్నాడు. షాపులో నా అసలు పేరు ఎవరికీ గుర్తున్నట్టు లేదు, అందరికీ టేపమ్మనే.

ప్రశ్న అయ్యాక కాగితాలు. కంప్యూటర్లో గీసిన రంగురంగుల బొమ్మల్ని నేను నమ్మను. సోఫా ఎంత ఉంటుందో అంతా, టీపాయ్ ఎంత ఉంటుందో అంతా పాత పేపర్లు అతికించి కత్తిరిస్తాను. వాళ్ళ హాల్లో నేల మీద పరిచి, మూలలకి టేపు అంటించి వచ్చేస్తాను. రెండు రోజులు మామూలుగా తిరగండి, కాగితాల్ని పట్టించుకోకండి అని చెబుతాను. మూడో రోజు వెళ్ళి చూస్తే ఇంటివాళ్ళు చెప్పనివన్నీ కాగితాలు చెబుతాయి. కాలిముద్ర పడ్డ కాగితం మీద సామాను పెట్టకూడదు. అది మనుషులు నడిచే దారి. అక్కడ కుర్చీ వేస్తే ఎవరిదో ఒకరి మోకాలు పగులుతుంది. ఇది నేను పెట్టుకున్న నియమం. ఎంతమంది బతిమాలినా సడలించలేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి మా అక్క కోసం. అక్క కోసమని అప్పుడు అనుకున్నాను.

అక్క యాభై ఎనిమిదో ఏట పెళ్ళి చేసుకుంది. అమ్మ పోయాక ముప్పై ఏళ్ళు ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. తను టెలిఫోన్ ఆఫీసులో, నేను సామాను షాపులో. పెళ్ళి ఊసు మొదట్లో చుట్టాలు ఎత్తేవాళ్ళు, తరవాత వాళ్ళూ విసిగి మానేశారు. మేమిద్దరం ఇలాగే ముసలివాళ్ళం అయిపోతామని నేను నిశ్చింతగా ఉన్నాను. అక్క మాత్రం రోజూ ఎక్కే బస్సు పదకొండు నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని ఒకనాడు డిపోలో టైమ్‌కీపర్‌తో గొడవ పెట్టుకుంది. మర్నాడు కూడా పెట్టుకుంది. ఆ గొడవ ఆరేళ్ళు నడిచింది. ఆయనకి భార్య పోయి చాలాకాలమైంది. ఆయన రిటైరైన నెలలోనే ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి సంతకాలు పెట్టేశారు. సాక్షి సంతకం నేనే చేశాను. పెన్ను రాయకపోతే రెండుసార్లు విదిలించి మరీ చేశాను.

బావగారు తాడిచెట్టంత మనిషి, నోట్లో నాలుక లేదు. పెద్దవాడై ఉండి నన్ను మరదలుగారూ అని మీరు అంటూ పిలుస్తారు. తప్పు పట్టడానికి నేను చాలా వెతికాను, దొరకలేదు. అందుకు కూడా కోపం వచ్చింది.

పెళ్ళయిన వారానికి అక్క ఫోన్ చేసి, "బుల్లీ, మా హాలు నువ్వే చూడాలే" అంది. ముప్పై ఏళ్ళు మన హాలు అన్న మనిషి. సరే వస్తానని టేపూ కత్తెరా పేపర్లూ సంచీలో వేసుకుని వెళ్ళాను.

హాలు పొడుగు పద్నాలుగు అడుగులు, వెడల్పు పది. ఒక చివర వీధి తలుపు, రెండో చివర వంటింటి గుమ్మం. గది పొడుగునా నడిచే దారి పోతుందన్నమాట. ఇద్దరు పట్టే సోఫా, ఎదురుగా టీవీ, మధ్యన టీపాయ్ చక్కగా సరిపోయాయి. బావగారికి ఒక వాలుకుర్చీ ఉంది, మొదటి సంసారం నాటిది, అది వంటింటి గుమ్మానికి ఎడమపక్క గోడకి వేశాం. ఆయన అందులో వాలి కాళ్ళు చాపితే అయిదున్నర అడుగులు పోతుంది. పోగా నాలుగున్నర అడుగుల దారి. అక్కకి అంత కావాలి. చాలా ఏళ్ళ కిందట మెట్ల మీంచి పడి తన కుడి మోకాలు బిగుసుకుపోయింది, వంగదు. నడిచేటప్పుడు ఆ కాలు పక్కకి తిప్పి ఈడుస్తుంది. తనకి మూడడుగుల దారి ఉంటేగాని తగలకుండా వెళ్ళలేదు. ఈ సంగతి ప్రపంచంలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. నేను ఇంకో కాగితం కత్తిరించాను, ముప్పై అంగుళాలు ఇటూ ముప్పై అటూ. ఇదెవరికే అని అక్క అడగలేదు. నేనూ చెప్పలేదు. వీధి తలుపు పక్కన పెడితే తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. టీవీ పక్కన పెడితే గోడలో స్విచ్చులకి అడ్డం. చివరికి వాలుకుర్చీకి ఎదురుగా, కుడి గోడకి కిటికీ కింద పరిచాను. మిగిలిన దారి సరిగ్గా రెండడుగులు. బావగారు ఎప్పుడూ కాళ్ళు చాపుకునే ఉంటారా ఏమిటి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చుంటేనేం అంటారు. ఇక్కడ వడ్డించేదీ కూర్చునేదీ కూడా నేనే.

మూడో రోజు వెళ్ళేసరికి బావగారు దుకాణానికి వెళ్ళారు, అక్క వంటింట్లో ఉంది. సోఫా కాగితం శుభ్రంగా ఉంది. టీపాయ్ కాగితం శుభ్రంగా ఉంది. కిటికీ కింద కాగితం మీద మాత్రం ముద్రలే ముద్రలు. వంటింట్లోంచి తడికాళ్ళతో వచ్చినవి. ఎడమ పాదం అయిదు వేళ్ళతో సహా పడింది. కుడి పాదం పడలేదు, ఈడ్చుకుపోయింది, పేపరు సిరా అలుక్కుపోయి నల్లటి చార. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? ఇంకెవరైనా అయితే ఆ ముద్ర మీద చూపుడు వేలు పెట్టి, ఇక్కడ కుర్చీ వెయ్యడానికి వీల్లేదని ఖండితంగా చెప్పి వచ్చేదాన్ని. నేను వంగి టేపు పీకి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకున్నాను. దాని చోట కొత్తది అంటించాను. అన్నీ సరిపోయాయక్కా అని వంటింటివైపు కేకేశాను.

షాపులో ఆర్డరు కాగితం నేనే నింపాను. రోజూ కూర్చునేవారు అన్న గడిలో ముగ్గురు అని రాశాను.

తరవాత రెండు నెలలు నేను రోజూ సాయంత్రం షాపునుంచి నేరుగా అక్కడికే వెళ్ళాను. కిటికీ కింద నా కుర్చీలో కూర్చునేదాన్ని. అక్క టీ ఇచ్చేది, టీవీ నడుస్తూ ఉండేది, బావగారు వాలుకుర్చీలో కాళ్ళు చాపుకుని పేపరు చదివేవారు. ఎనిమిది కొడుతూండగా ఆయన తలెత్తి, ఎనిమిదీ ఇరవై బస్సుందని, అది తప్పితే తొమ్మిదీ అయిదుదాకా లేదని చెప్పేవారు. నన్ను సాగనంపడానికే అంటున్నారని నాకు అనుమానం. ఆయన ఉద్యోగమే అది, పాపం, నలభై ఏళ్ళు జనానికి బస్సు టైము చెప్పారాయన. అక్క వంటింట్లోకి వెళ్ళేటప్పుడు మా ఇద్దరి మధ్యనుంచి ఏటవాలుగా తిరిగి వెళ్ళేది. నేను ఆ సమయానికి టీవీ చూసేదాన్ని.

పానకంలో పుడకనని నాకు తెలియక కాదు. ఇంటికి వెళ్ళి తాళం తీస్తే లోపల ఒక్క చప్పుడు కూడా ఉండదు, అందుకని వెళ్ళేదాన్ని.

ఒక శనివారం షాపు మధ్యాహ్నమే మూసేశారు. నేను వెళ్ళేసరికి అక్కావాళ్ళ వీధి తలుపు ఓరగా తీసి ఉంది. బావగారు లోపల గదిలో నిద్రపోతున్నారు. అక్క సోఫాలో కూర్చుని, బట్ట మోకాలి పైకి లాక్కుని, కుడికాలికి మందు రాసుకుంటోంది. నన్ను చూసి గబుక్కున బట్ట కిందికి లాగింది. ఈలోగానే నేను చూశాను. మోకాలికి కాస్త పైన పాత దెబ్బ పసుపు తిరిగి ఉంది, దాని మీదే కొత్తది నల్లగా కమిలి ఉంది. నా కళ్ళకి పాడు అలవాటు, టేపు లేకుండానే కొలిచేస్తాయి. నిలబడితే నేలనుంచి ఇరవై రెండు అంగుళాలు. కిటికీ కింద కుర్చీ చెయ్యి ఎత్తు కూడా ఇరవై రెండే.

ఎన్నాళ్ళనుంచి అని అడిగాను. ఏముందిలే, అసలే మొండికాలు, అలవాటైపోతుంది అంది. రేపే ఆ కుర్చీ తీసుకుపోతానన్నాను. అక్కర్లేదంది, ఉండనిమ్మంది, కొలత ఎక్కడో కాస్త తప్పి ఉంటుంది, దానికేం అని నన్నే ఓదార్చింది. అది మాత్రం నేను పడలేకపోయాను.

"కొలత తప్పలేదక్కా. ఆ కాగితం మీద నీ కాలిముద్ర పడింది. నేనే తీసి దాచేశాను."

అక్క మందు డబ్బా మూత పెట్టింది. మూత సరిగా పడక మళ్ళీ తీసి పెట్టింది.

"తెలుసే. వంటింట్లోంచి చూశాను. మడిచి సంచీలో పెట్టుకున్నావు."

"మరి అప్పుడే అనొచ్చు కదా."

"ఏమననే? మా ఇంట్లో నీకు చోటు లేదని నా నోటితో అనమంటావా?"

కిటికీ కింద కుర్చీవైపు చూశాను. ఏడుపొచ్చింది. కుర్చీ ఉంటే తనకి దెబ్బ, తీస్తే నాకు. రెండు నెలలు తను దెబ్బే తింది. ఎదుటివాళ్ళ అబద్ధాలు పట్టుకోవడంలో నా అంతటిది లేదనుకునేదాన్ని. దీపం కిందే చీకటి.

కుర్చీ ఆ సాయంత్రమే తీశాం. బావగారు ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని వీధిలోకి తెచ్చి ఆటోలోకి ఎక్కించాం. ఆయన రొప్పుతూనే, మరదలుగారూ, ఇకనుంచి మీరు సోఫాలో మీ అక్క పక్కన కూర్చోండి, నాకు నా కుర్చీ ఉందిగా అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. అక్క గుమ్మంలో నిలబడి, ప్రతి ఆదివారం తప్పకుండా రావాలని ఒట్టేయించుకుంది. సరేనన్నాను. ఆదివారాలు వచ్చేవాళ్ళు నా లెక్కలో చుట్టాలు. వెనక్కి చూస్తే అక్క హాల్లోకి తిరిగి నడుస్తోంది, ఏటవాలుగా తిరగకుండా, తిన్నగా వంటింట్లోకి. ఆ నడక చూసి సంతోషం వేసింది. నిజంగానే వేసింది.

ఇంటికి తెచ్చిన కుర్చీ ఎక్కడ పెట్టాలో తోచలేదు. మా హాలు పన్నెండు బై పన్నెండు, ఇద్దరి కోసం నేనే సర్దింది. అక్క కుర్చీనుంచి వంటింటికి మూడడుగుల దారి వదిలి, మిగతాదంతా దాన్నిబట్టి పెట్టాను. అక్క తన కుర్చీ అక్కడి పడగ్గదికని తీసుకుపోయి మూడు నెలలైనా నేను ఏదీ కదపలేదు. ఇప్పుడు కదపాలి. ఇరవై రెండేళ్ళు ఊరందరికీ చేసిన పని నాకు నేను చేసుకోవడానికి సిగ్గెందుకని, ఉన్న సామానంతా ఒక గోడకి జరిపి, హాలు నిండా పేపర్లు పరిచాను. రెండు రోజులు మామూలుగా తిరిగాను.

మూడో రోజు పొద్దున కిటికీ తెరిచి చూశాను. వీధి తలుపునుంచి పడగ్గదికి, పడగ్గదినుంచి వంటింటికి ఒకే ఒక్క సన్నటి బాట, గోడ వెంబడే. అంతే. మిగతా కాగితాలన్నీ పరిచినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నా నియమం ప్రకారం ఈ హాల్లో ఎక్కడ కావాలంటే అక్కడ ఏ కుర్చీ అయినా వేసుకోవచ్చు. ఎవరి మోకాలికీ తగలదు. ఇంత సులువైన హాలు నా సర్వీసులో చూడలేదు.

ఆర్డరు కాగితం ఒకటి తీసి, రోజూ కూర్చునేవారు అన్న గడిలో ఒకటి వేశాను. ఈసారి అబద్ధం లేదు.

పెన్ను సంచీలో పెట్టబోతే అడుగున మడత కాగితం చేతికి తగిలింది. తీసి విప్పాను. ఎడమ పాదం, అయిదు వేళ్ళు. పక్కన నల్లటి చార. ఒకప్పటి అక్క కుర్చీకీ వంటింటి గుమ్మానికీ మధ్యన, ఆ మూడడుగుల దారిలో, శుభ్రంగా ఉన్న కాగితాన్ని పీకేసి దీన్ని పరిచాను. మూలలకి టేపు అంటించాను. తరవాత సామాను సర్దడం మొదలుపెట్టాను. కొత్త కుర్చీ కిటికీ దగ్గర వేశాను, టీపాయ్ దాని ముందుకి లాగాను, బల్ల గోడకి చేర్చాను.

ఆ కాగితం మీద మాత్రం ఏమీ పెట్టలేదు. అక్క ఎప్పుడైనా వస్తే నడవాలి కదా.