ఏడాదిలో నాలుగంగుళాలు

రావులపాలెం అరటి మార్కెట్లో లారీలకు గెలలు ఎత్తే ముఠాలో అనిల్ కుమార్ పనిచేసేవాడు. బడి లేని రోజుల్లో కూతురు ప్రిస్కిల్లా అతని వెంట వచ్చేది. ఆరేళ్ళ పిల్ల. ఒకచోట కూర్చునే రకం కాదు. గెలల కింద పరిచిన ఎండుటాకుల మీద పిల్లిమొగ్గలు వేసేది. అవి విసుగుపుడితే చేతుల మీద నడిచేది. ఒకరోజు చుట్టాల గృహప్రవేశానికి గెల కొనడానికి రాజమండ్రి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, బేరం మధ్యలో ఆపేసి ఆ పిల్లనే చూస్తూ నిలబడిపోయారు.

"ఆ పాప ఎవరండి?"

"మా అమ్మాయేనండి. ఏం చేసిందండి?" అన్నాడు అనిల్ కుమార్ కంగారుగా.

"ఏమీ చెయ్యలేదు. ఎవరు నేర్పారో తెలుసుకుందామని."

"ఎవరూ నేర్పలేదండి. వద్దంటే మానదు."

ఆయన పేరు బుల్లియ్య. ఆర్మీలో ఉండగా జిమ్నాస్టిక్స్ చేసి, రిటైరయ్యాక రాజమండ్రిలో ఒక పాత గోడౌన్లో పిల్లలకు అదే నేర్పుతున్నారు. ఆ ఆదివారం చర్చి అయ్యాక అనిల్ కుమార్ ఇంటికే వచ్చి కూర్చున్నారు. అంగన్‌వాడీలో పనిచేసే ప్రిస్కిల్లా తల్లి హెలెన్ అన్నీ విని, "బాగానే ఉందండి. రోజూ రాజమండ్రి ఎవరు తీసుకెళ్తారు?" అంది.

"నేను తీసుకెళ్తాను," అంది మూలన చాట పట్టుకుని కూర్చున్న సంపూర్ణమ్మ. అనిల్ కుమార్ తల్లి. నలభై ఏళ్ళు ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి, మోకాళ్ళు సహకరించక రెండేళ్ళుగా ఇంటిపట్టున ఉంటోంది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాని పని.

అలా మొదలైంది. బడి వదలగానే మామ్మా మనవరాలూ బస్సెక్కేవారు. జొన్నాడ వంతెన దాటేలోపు ప్రిస్కిల్లా ఉడకబెట్టిన గుడ్డు తిని, రాజమండ్రి చేరేలోపు హోంవర్కు సగం చేసేది. గోడౌన్లో మాస్టారు సంపూర్ణమ్మకు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మొదటిరోజు ఆమె అరచేయంత వెడల్పున్న బీమ్ వైపు చాలాసేపు చూసి అడిగింది.

"మాస్టారండి, కింద ఇంత చోటుండగా పిల్లల్ని ఆ కర్ర మీద ఎందుకండి నడిపిస్తారు?"

"అదే ఆటండి."

"సరేలెండి. పడితే పట్టుకునేది మీరే గదా."

ఏడాది తిరిగేసరికి ఆమె ప్రశ్నలు మారిపోయాయి. "దాని ఎడం మోకాలు వంగుతోందండి, మీరు అటు తిరిగినప్పుడు," అనేది. మాస్టారు మళ్ళీ చేయించి చూస్తే నిజంగానే వంగేది. మిగతా పిల్లల తల్లులు కూడా తమ పిల్లలు ఎలా చేస్తున్నారో మాస్టారి కన్నా ముందు సంపూర్ణమ్మను అడగడం మొదలుపెట్టారు.

ప్రిస్కిల్లాకు భయం తెలియదు. వెనక్కి గాల్లో తిరిగే పిల్లిమొగ్గ మూడు రోజుల్లో పట్టేసింది. తొమ్మిదేళ్ళకు జిల్లాలో, పదకొండేళ్ళకు రాష్ట్రంలో మొదటి స్థానం. సబ్ జూనియర్ నేషనల్స్‌లో బీమ్ మీద మూడో స్థానం వచ్చింది. మార్కెట్లో ముఠా వాళ్ళంతా కలిసి ఫ్లెక్సీ కట్టించారు. అందులో ప్రిస్కిల్లా ఫొటో కన్నా అనిల్ కుమార్ ఫొటో పెద్దగా పడింది. హెలెన్ ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నవ్వుకునేది.

పన్నెండు దాటాక పిల్ల పెరగడం మొదలుపెట్టింది. మామూలుగా కాదు, ఏడాదిలో నాలుగంగుళాలు. ఈస్టరుకు కుట్టించిన గౌను క్రిస్మస్‌కు మోకాళ్ళ పైకి పోయింది. ఇంట్లో అందరూ సంతోషించారు. గోడౌన్లో మాత్రం అన్నీ తప్పసాగాయి. ఒకటి ఎత్తుగా, ఒకటి తక్కువగా ఉండే రెండు కడ్డీల్లో పై బార్ పట్టుకుని ఊగుతుంటే పొడుగైన కాళ్ళు కింది బార్‌కు తగిలేవి. బీమ్ మీద వెనక్కి వాలితే చేయి ఎప్పుడూ పడే చోట పడేది కాదు. కళ్ళు మూసుకుని చేసినవి కళ్ళు తెరిచి కూడా చేయలేకపోతోంది. ఆ ఏడు రాష్ట్ర పోటీల్లో మూడుసార్లు పడి, తొమ్మిదో స్థానంలో నిలిచింది.

బయటికొస్తుంటే వేరే జిల్లా కోచ్ ఒకాయన పక్కవాడితో అంటున్న మాట ఆమె చెవిన పడింది. "పొడుగైపోయిందండి. ఇక అంతే."

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒకటి మాత్రం తనంతట తాను నిర్ణయించుకుంది. తింటే గదా పెరిగేది.

రెండు వారాల తర్వాత బస్టాండులో సంపూర్ణమ్మ మంచినీళ్ళ సీసా కొని వెనక్కి తిరిగేసరికి మనవరాలు గుడ్డు ఒలిచి కుక్కకు పెడుతోంది. ఆ కుక్క తోక ఊపే తీరు చూస్తే, ఆ పరిచయం ఆనాటిది కాదని తెలుస్తూనే ఉంది.

సంపూర్ణమ్మ అరవలేదు. పక్కన కూర్చుంది. "ఎన్నాళ్ళ నుంచి?"

ప్రిస్కిల్లా తల దించుకుంది. "నేనింక పెరగకూడదు మామ్మా."

"తినకపోతే పెరగవా?"

"పెరగను."

"మరి మొన్న బార్ మీద కళ్ళు తిరుగుతున్నాయన్నావు. అక్కడ్నుంచి పడితే పొట్టిదానివవుతావా?"

పిల్ల కళ్ళనిండా నీళ్ళు. కోచ్ అన్న మాట అప్పుడు చెప్పింది. సంపూర్ణమ్మ అంతా విని, చీర కొంగుతో దాని ముఖం తుడిచింది.

"నారు పీకి ఊడ్చిన వారం చేను ఎప్పుడైనా చూశావా? వాడిపోయి, నీళ్ళలో పడిపోయి ఉంటుంది. తెలీనోళ్ళు పంట పోయిందనుకుంటారు. వేరు పట్టుకున్నాక చూడాలి దాన్ని."

"నేను వరి నారునా మామ్మా?"

"కాదు. నారైతే చెప్పిన మాట వింటుంది."

ప్రిస్కిల్లాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. బస్సు వచ్చేలోపు మామ్మ ఇంకో గుడ్డు ఒలిచి, అది మింగేదాకా దగ్గరుండి చూసింది.

ఆ సాయంత్రం విషయం బుల్లియ్య మాస్టారికి చెప్పింది. ఆయన ముఖం చిన్నబోయింది. "ఇది నేను చూసుకోవాల్సింది, అమ్మా," అన్నారు. తర్వాత ప్రిస్కిల్లాను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"నీ ఒళ్ళు కొత్తది. పాత ఒళ్ళు నేర్చుకున్నవి దీనికి రావు. మనం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుందాం. ఆరు నెలలు పోటీలు లేవు. సరేనా?"

"మొదటి నుంచి అంటే ఎక్కడ్నుంచి సార్?"

"చేతుల మీద నిలబడటం నుంచి."

పదమూడేళ్ళ ప్రిస్కిల్లా ఆరేళ్ళ పిల్లల వరసలో నిలబడింది. మొదటి వారం సిగ్గుతో చచ్చిపోయింది. రెండో వారానికి ఆ చిన్నపిల్లలే ఆమెను "అక్కా, కాళ్ళు కలుపు" అని సరిచేయసాగారు. మాస్టారు రెండు బార్ల మధ్య దూరం పెంచారు. ఊగే సమయం వేళ్ళ మీద లెక్కపెట్టి కొత్తగా నేర్పారు. ఇంట్లో పిల్ల ఏం తింటోందో హెలెన్ కనిపెట్టుకుని ఉండేది. నాలుగో నెలలో ఒకరోజు ప్రిస్కిల్లా నేల విన్యాసాలు చేసే ఫ్లోర్ మీద మెల్లగా గాల్లోకి లేచి కాళ్ళు చాపితే మిగతా పిల్లలంతా తమ సాధన ఆపి చూశారు. ఆ పొడుగు కాళ్ళు ఈ చివర్నుంచి ఆ చివరికి గీత గీసినట్టున్నాయి. పొట్టిగా ఉన్నప్పుడు అంత అందం లేదు.

"వేరు పట్టిందండి," అంది సంపూర్ణమ్మ. మాస్టారికి అర్థం కాకపోయినా తలాడించారు.

మరుసటి ఏడు జూనియర్ నేషనల్స్ భువనేశ్వర్లో జరిగాయి. ఈసారి అనిల్ కుమార్ కూడా పని మానుకుని వచ్చాడు. కూతురు పోటీలో చేయడం అతను చూడటం అదే మొదటిసారి. బార్ల దగ్గర ఆమె పేరు పిలవగానే పక్కనున్న తల్లి చెయ్యి పట్టుకుని, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అమ్మా, ఏం జరుగుతోందో చెప్పు."

"ఎక్కింది. ఊగుతోంది. కాళ్ళు తగల్లేదు. ఇప్పుడు పైది వదిలేస్తుంది."

"వదిలేస్తుందా?"

"వదిలింది. పట్టుకుంది. కదలకు, నా చెయ్యి నలిగిపోతోంది. ఇదిగో దిగుతోంది. ఒక్క అడుగు జరిగింది, పర్లేదు."

చప్పట్లు మోగాక అతను తువ్వాలు తీశాడు. కూతురు చేతులు పైకెత్తి నిలబడి ఉంది. అదే తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఫ్లోర్ మీద ఆమె చేసింది మాత్రం తువ్వాలు అడ్డం లేకుండా మొత్తం చూశాడు. బీమ్ మీద ప్రిస్కిల్లా ఒకసారి తూలింది, కానీ పడలేదు. వాల్టుతో సహా నాలుగు అంశాలూ కలిపి రెండో స్థానం. ఫ్లోర్ మీద మొదటిది.

తిరుగు రైల్లో అనిల్ కుమార్ ఆ పెట్టెలో ఉన్న ప్రతి ఒక్కరికీ పతకాలు చూపించాడు. ప్రిస్కిల్లా పులిహోర రెండు పొట్లాలు తినేసి, మూడోది ఎవరైనా వదిలేస్తారేమోనని చూసింది.

నెల తిరక్కుండా ఢిల్లీలో జాతీయ శిక్షణ శిబిరానికి పిలుపొచ్చింది. ఇంటివాళ్ళెవరూ వెంట ఉండకూడదు. సంపూర్ణమ్మ రెండు రోజులు అలిగింది. మూడోరోజు లేచి అరిసెలు వండి డబ్బాకు ఎత్తింది. రాజమండ్రి స్టేషన్లో బుల్లియ్య మాస్టారు అందరికన్నా ముందే వచ్చి నిలబడ్డారు. రైలు కదిలేటప్పుడు ఆయనే ముందు కళ్ళు తుడుచుకున్నారు.

ఢిల్లీ చేరిన మర్నాడు ప్రిస్కిల్లా వీడియో కాల్ చేసింది. అక్కడ స్పాంజి ముక్కలతో నింపిన పెద్ద గుంట ఉందట. అందులోకి దూకి పైకి రాలేకపోతే నలుగురు అమ్మాయిలు చేతులు పట్టి లాగారట. వాళ్ళలో ఒకామె తనకన్నా రెండంగుళాలు పొడుగట.

"బాగా తింటున్నావా?" అంది సంపూర్ణమ్మ.

"తింటున్నా మామ్మా. మెస్‌లో రోజూ గుడ్లే."

"సరే. నీ ఎడం మోకాలు ఎవరు చూస్తున్నారు?"

"ఇక్కడ నలుగురు కోచ్‌లు ఉన్నారు మామ్మా."

"నలుగురేనా?" అంది సంపూర్ణమ్మ. ఆ తర్వాత మనవరాలి చేత ఫోను కిటికీకి ఆనించి పెట్టించి, నాలుగడుగులు వెనక్కి జరిగి నడిచి చూపించమంది.