బీరువాలో రెండు పురుగులు

పిండిమర బావ మాటలు కోటలు దాటుతాయి. ఆ పొద్దున మాత్రం తిన్నగా బావమరిది వడ్రంగి కొట్లోకే వచ్చాయి.

"ఏమోయ్! గోధుమలకు బీరువా చేశావా, పురుగులకు అత్తారిల్లు కట్టావా? ఆరు నెలలకే గింజలన్నీ పుచ్చిపోయాయి. మరలో కొత్త అరలు ఇంకొకడితో చేయించుకుంటా!"

చిత్రిక పడుతున్న చెయ్యి ఆగిపోయింది. పాతికేళ్లలో వడ్రంగి చెక్కలో పురుగుందన్న నోరు లేదు. ఈ మాట పొక్కిందా, అరలు సరే, ఆ వీధిలో తలెత్తుకు తిరగడం కల్ల. కళ్లద్దాలు జేబులో వేసుకుని బావ వెంట నడిచాడు.

బీరువాలోని గోధుమ సంచి దులిపితే ఒక పురుగు అరచేతిలో పడింది. ఒళ్లు నువ్వుగింజంత, ముక్కు చూస్తే ఏనుగుకే సిగ్గేస్తుంది.

"చూడు బావా, ఈ ముక్కుతో గింజకు చిల్లి పెట్టి, గుడ్డు దాచి, జిగురుతో మూతేస్తుంది. పుట్టడం, పెరగడం ఆ ఒక్క గింజలోనే. చెక్క దీనికి పనికిరాదు. ఇది నీ సంచిలోదే!"

అక్క ముసిముసిగా నవ్వి బీరువా పక్కపలక చూపించింది. "మరి ఇదెవరి చుట్టంరా తమ్ముడూ?"

పలకకు గుండ్రటి సన్నని రంధ్రం. కింద చిటికెడు పొడి. పక్కనే ఇంకో పురుగు. దీనికి తొండం లేదు, తల ముసుగులో దాచుకుంది. వడ్రంగి కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. ఇది అచ్చంగా చెక్క పురుగు.

బావ మీసం దువ్వాడు. "ఇదీ నా సంచిలోదేనా?"

వడ్రంగి ఆ రంధ్రాన్ని వేలితో తడిమాడు. పాత రంగు పెచ్చు తగిలింది. మొహం విప్పారింది.

"బావా, ఇది చెక్కలోపల రెండు మూడేళ్లు కూర్చుని తింటుంది. రెక్కలొచ్చాకే తలుపు తెరుచుకుని బయటికొస్తుంది. బీరువాకేమో ఆరు నెలలు. అంటే పలక నా కొట్టుకు రాకముందే లోపల కాపురం పెట్టింది."

"అయితే ఆ పలక అంటగట్టినవాణ్ని పట్టుకో!"

"పట్టుకునే ఉన్నా. 'మా పాత గది తలుపు, ఇనుమంటే ఇనుము' అంటూ భుజాన మోసుకొచ్చిందెవరు?"

బావ చెయ్యి మీసం మీంచి జారిపోయింది.

"పాపం తమ్ముడు, మన ఇంటి పురుగును మనకే పదిలంగా అప్పజెప్పాడు," అంది అక్క.

"తట్టి చూసుకోకపోవడం నా తప్పే. ఈ పలక మార్చేస్తా," అన్నాడు వడ్రంగి.

బావ కాసేపు గింజలు ఏరుతున్నట్టు నటించాడు. "సరేలే. అరలు కూడా నువ్వే చెయ్యి."

"చేస్తా. చెక్క మాత్రం నువ్వు తేకు!"