సరంగు గ్రీజు

దీవి మీది బ్రూక్షాబాద్‌లో సత్యారావు ఇంటి గేటు కిర్రుమనగా విన్నవాళ్ళు లేరు. జీవితమంతా లాంచీలు నడిపే సరంగుగా చేసిన మనిషి ఆయన. ఇనుము కనిపిస్తే గ్రీజు పూయందే అన్నం సయించదు. గేటు బందులు, కిటికీ గడియలు, గొడుగు కాడ, ఆఖరికి కోడలు శ్రావణి చక్రాల కుర్చీ ఇరుసులు, అన్నిటికీ వారం వారం పూత పడాల్సిందే. ఉప్పుగాలి ఇనుముని బతకనివ్వదంటాడు. అది అబద్ధమూ కాదు. "మావయ్యా, మా ఆయనకి కూడా కాస్త రాద్దురూ, పొద్దస్తమానం సణుగుతున్నాడు" అని పొరుగింటి బేబీరాణి ఆటపట్టిస్తే, నవ్వేసి ఆవిడ బకెట్ కాడకి కూడా పూసి పంపేవాడు.

ఆయన కొడుకు మణికుమార్ పడవ ఇంజన్ల మెకానిక్కు. చేతిలో పనుంది, నోట్లో మాట తక్కువ. స్కూటర్ ప్రమాదంలో శ్రావణికి నడుము కింద పట్టు పోయాక ఆ తక్కువ మాట కూడా తగ్గిపోయింది. శ్రావణి బతు బస్తీ అంగన్‌వాడీలో టీచరు. ఉద్యోగం ఇంకా ఉంది, పిల్లలు ఇంకా అడుగుతున్నారు. వెళ్ళడమే గండం. ఆటో ఎక్కాలంటే ఒకరు చంకల కింద పట్టుకోవాలి, ఇంకొకరు కాళ్ళు పట్టుకోవాలి. ఒకరోజు ఆటోవాడు, "దీదీ, బియ్యం బస్తా కన్నా తేలికే మీరు" అన్నాడు. వాడు మంచికే అన్నాడు. ఆ రాత్రి శ్రావణి మొగుడితో ఒకే మాట చెప్పింది.

"నన్ను ఎవరూ ఎత్తకూడదు. అలా ఎల్లగలిగితే ఎల్తాను. లేదంటే ఉద్యోగం వొదిలేస్తాను."

మణి కారు కట్టడం అప్పుడు మొదలుపెట్టాడు. తుక్కు కింద అమ్మేసిన పాత అంబాసిడర్ ఒకటి దొరికింది. పైభాగమంతా కోసేసి, పడవకి కట్టినట్టే కొత్త ఒళ్ళు కట్టాడు. పక్క తలుపు పొట్టిది, వెడల్పుది. కుర్చీ దగ్గరికి తెచ్చి జరిగితే చాలు, శ్రావణి సీట్లో ఉంటుంది. దీనికి కారు సీటు, చక్రాల కుర్చీ సీటు ఒకే ఎత్తున ఉండాలి. అందుకోసం వెనక స్ప్రింగు పట్టీల్లోంచి ఒక్కొక్క పట్టీ తీసి, శ్రావణిని కుర్చీలోంచి జరగమని, చూసి, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ తీసి, ఎన్నిసార్లు చేశాడో. చివరికి ఒక సాయంత్రం ఆమె చెయ్యి ఊతం పెట్టుకుని, ఎవరి సాయం లేకుండా, సులువుగా జరిగిపోయింది. కారు ఆమె బరువుకి రెండు వేళ్ళు దిగి ఆగింది. శ్రావణి కిందికి చూసుకుని ఏడ్చింది. మణి స్పానర్ వెతుకుతున్నట్టు అటు తిరిగాడు.

మిగిలింది బ్రేకు. కాలితో పని లేకుండా చేత్తో లాగే మీట. రవాణా ఆఫీసువాళ్ళు సోమవారం పరీక్షకి వస్తామన్నారు. పాసయితే రోడ్డెక్కొచ్చు.

శనివారం మణి నాలుగు చక్రాలకీ బ్రేకు షూలు బిగించాడు. డ్రమ్ముని ఒరుసుకుని చక్రాన్ని ఆపే కొత్త లైనింగు, మద్రాసు నుంచి ఓడలో వచ్చింది. డ్రమ్ములు మూసేలోపు చూసుకుంటే బ్రేకు ఆయిలు లేదు. కొనుక్కొద్దామని బతు బస్తీ పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి నాలుగు డ్రమ్ములూ మూసి ఉన్నాయి. పక్కన సత్యారావు చేతులు తుడుచుకుంటున్నాడు.

"నువ్వు అలిసిపోయుంటావని నానే బిగించీసాను. తుప్పు పట్టకుండా కూడా సూసాను లే" అన్నాడు.

మణి సంతోషంలో ఉన్నాడు. ఆ 'సూసాను' అంటే ఏం చూశావు నాన్నా అని అడగాలని తోచలేదు. ఆయిలు పోసి గొట్టాల్లో గాలి తీశాడు. మీట లాగితే రాయిలా నిలబడింది. ఇంకేం కావాలి?

ఆదివారం పొద్దున్న ముందు తానే నడిపి చూస్తానని మణి అంటే శ్రావణి ఒప్పుకోలేదు. "ముందు నానే. నా కారు" అంది. పెరట్లో నిమ్మళంగా ముందుకెళ్ళింది, ఆగింది. చదును నేల మీద ఆ మాత్రం వేగానికి ఏదైనా ఆగుతుంది. "గేటు దాకా" అంది. గేటు దాటితే పల్లమని ఇద్దరికీ తెలుసు. మణి పక్కనే నడిచాడు.

పల్లం మొదట్లో శ్రావణి మీట లాగింది. కారు ఆగలేదు. ఇంకా గట్టిగా లాగింది. మీట రాయిలాగే ఉంది, కారు మాత్రం జారుతోంది. మణి కిటికీలోంచి చెయ్యి దూర్చి హ్యాండ్ బ్రేకు కూడా లాగాడు. అదీ అంతే. ముందుకి పరుగెత్తి రెండు చేతులూ బానెట్టుకి ఆన్చి కాళ్ళు తన్నిపెట్టాడు. చెప్పులు కంకర మీద జారిపోతున్నాయి. అద్దంలోంచి శ్రావణి అతన్నే చూస్తోంది. అరవలేదు. "తప్పుకో" అని, అతను తప్పుకోగానే స్టీరింగు తిప్పేసి కారుని మట్టిగట్టులోకి కొట్టేసింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ పొట్టి తలుపు గట్టుకి ఆనుకుపోయింది. రెండో వైపు తలుపు ఉంది గానీ, ఇరుకు. అటు నుంచి దిగాలంటే ఎత్తక తప్పదు.

సత్యారావు ఆయాసపడుతూ వచ్చాడు. "నా మెడ పట్టుకో తల్లీ" అన్నాడు. మణి కాళ్ళు పట్టుకున్నాడు. శ్రావణి కళ్ళు మూసుకుంది. కుర్చీలో కూర్చోబెట్టేదాకా తెరవలేదు.

మధ్యాహ్నం మణి డ్రమ్ము విప్పాడు. లైనింగు మీద, అంచు నుంచి అంచుదాకా, పండక్కి అరిసెకి నెయ్యి రాసినంత ప్రేమగా గ్రీజు. రెండోది, మూడోది, నాలుగోది. లైనింగు పీల్చేసుకుంది. ఇక తుడిచినా పనికిరాదు. కొత్తది మళ్ళీ ఓడలో రావాలి, సముద్రం చూస్తే వారంగా రేగి ఉంది. పడవకి బ్రేకు ఉండదు మరి. బ్రేకు పట్టాలంటే లైనింగు పొడిగా ఉండాలని సరంగుకి ఎవరు చెప్పారు?

సత్యారావు వెనకాలే వచ్చి నిలబడ్డాడు. "సూసినావా, పొర ఎంత బాగా పట్టిందో. పదేళ్ళు తుప్పు రాదు" అన్నాడు. తర్వాత ముఖం వాడింది. "ఇంత సేసినా మరి బ్రేకు ఎందుకు పట్టలేదంటావు?"

మణి నోరు తెరిచాడు. గుమ్మంలో కుర్చీలో ఉన్న శ్రావణి అతని వైపే చూస్తూ వద్దన్నట్టు తల ఊపింది.

"తెలీదు నాన్నా. చూడాలి."

"సూద్దువు గాని. తొందరేటి." ముసలాయన కోడలి వైపు తిరిగాడు. "అందాకా నాను లేనా? రోజూ నానే ఎత్తి ఆటోలో కూకోబెడతాను. నువ్వేం బెంగెట్టుకోకు తల్లీ."

"అలాగే మావయ్యా" అంది శ్రావణి.

కుర్చీ తిప్పుకుని లోపలికి వెళ్ళింది. చక్రాలు కిర్రుమనలేదు.