తాబేలు రెండోసారి వచ్చిన రోజు

నేను ఒక సెల్‌ఫోన్‌ని. పుట్టుకతోనే పిరికిదాన్ని. ఫ్యాక్టరీలో నాతోపాటు తయారైనవాటిలో పదింటిని కావాలనే ఛాతీ ఎత్తు నుంచి రాతి పలక మీదికి వదిలి చూశారు. తట్టుకుంటాయో లేదో అని పరీక్షట. ఆ పది చప్పుళ్లూ నేను వరుసలో ఉండి విన్నాను. ఆ తర్వాత నన్ను ఎవరు చేతిలోకి తీసుకున్నా ముందు గుర్తొచ్చేది ఆ చప్పుడే.

నా మొదటి యజమాని ప్లాట్లు అమ్మే మనిషి. పొద్దున్నే పళ్లు తోముకోకముందే దండం పెట్టే చేతులు, గులాబీ, సూర్యుడు, ఈ మూడు బొమ్మలూ కలిపి మూడువందల మందికి పంపేవాడు. వాళ్లలో ఒకాయన పోయి పదకొండో రోజు కర్మ జరుగుతున్నా ఆయన నంబరుకు గులాబీ వెళ్తూనే ఉంది. రెండో యజమాని ఇంజనీరింగ్ చదివే అమ్మాయి. నవ్వొస్తే కపాలం బొమ్మ పెట్టేది, వరసగా మూడు పెడితే నవ్వలేక చచ్చానని అర్థం. ఒకసారి వాళ్లమ్మ ఆ మూడు కపాలాలు చూసి హాస్టల్‌కు ఫోన్ చేసి, మా పిల్ల బాగుందా అని ఏడ్చింది. అది నవ్వని తెలిశాక ఆవిడకు ఇంకా భయం వేసింది. ఆ అమ్మాయి చేతిలోంచే మెట్ల మీద పడి నా మూల పగిలింది. అక్కడి నుంచి సెకండ్‌హ్యాండ్ దుకాణం గాజు బీరువాలోకి, అక్కడి నుంచి నవనీత చేతికి వచ్చాను.

నవనీతది సూర్యాపేట పక్క పల్లె. హైదరాబాద్‌లో మంచం పట్టిన ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, అక్కడే ఉండి సేవ చేసే పని. ఒక ఏజెన్సీ పంపుతుంది. ఆమెతోపాటు ట్రైనింగ్ అయిన ఎస్తేరుదీ అదే పని, నగరం ఇంకో చివర. ముక్కూ మొహం తెలియని ఇంట్లో ఒంటరిగా ఉండాలి కాబట్టి ఇద్దరూ ఒక ఆట పెట్టుకున్నారు. రోజూ సాయంత్రం ఆరింటికి మూడు బొమ్మలు పంపుకోవాలి. మొదటిది అన్నం గిన్నె అయితే పేషెంటు తిన్నట్టు, ఖాళీ పళ్లెం అయితే తిననట్టు. రెండోది నిద్రపోయే మొహం, లేదా తెరిచిన కళ్లు. మూడోది ఒక జంతువు. ఆ జంతువు వాళ్లే. రోజంతా మనిషిని ఎత్తి దించితే ఏనుగు. స్నానం చేయించబోయి తానే తడిసిపోతే చేప. ఇంటావిడ తిట్టిన రోజు గాడిద. ఒకసారి పంపిన జంతువును మళ్లీ పంపకూడదు. పంపితే ఓడినట్టే, ఓడినవాళ్లు మిర్చి బజ్జీలు పెట్టించాలి.

డెబ్బై నాలుగు రోజులు ఇద్దరిలో ఎవరూ ఓడలేదు. నత్తలు, ఒంటెలు, ముళ్లపందులు కూడా అయిపోతున్నాయి. నా లోపల అన్ని జంతువులున్నాయని నాకే తెలియదు.

ఆ డెబ్బై నాలుగు రోజులూ నవనీత ఉన్నది ఊరి అంచున కొత్తగా వేసిన వెంచర్‌లోని ఒక మేడలో. చుట్టూ ఖాళీ ప్లాట్లు, హద్దురాళ్లు. మనోహర్ సార్, ఆయన భార్య ప్రసన్న మేడం, పై అంతస్తులో మంచం మీద సార్ వాళ్ల నాన్న. నవనీత ఆయన్ని తాత అనేది. చేరిన రోజే మేడం నన్ను తెరిచే నంబరు అడిగి తీసుకుంది. పనివాళ్ల ఫోన్లు చూడటం ఆ ఇంటి పద్ధతి.

"రోజూ ఆరింటికి ఎవరికి ఈ బొమ్మలు?" అని ఒకరోజు అడిగింది.

"నా దోస్తుకు మేడం. తాత తిన్నడు, పండుకున్నడు అని చెప్త."

"మరి ఈ ఎలుగుబంటి?"

"అది నేను మేడం."

మేడం పడీపడీ నవ్వింది. ఆటలో అసలు షరతు ఆమె అడగలేదు, నవనీత చెప్పలేదు.

డెబ్బై నాలుగో రోజు, బుధవారం నాడు తాత మంచం నుంచి బాత్రూం దాకా నడవడానికి అరగంట పట్టింది. నవనీత పక్కన అడుగులో అడుగు వేసి నడిచింది. ఆరోజు ఎస్తేరుకు అన్నం గిన్నె, నిద్రపోయే మొహం, తాబేలు వెళ్లాయి. ఆ వెంటనే నవనీత కిందికి దిగి మేడంతో, "తాతకు ఆయాసం ఎక్కువైంది. డాక్టర్‌కు చూపియ్యండి. ఇట్లున్నప్పుడు మీరు నాలుగు రోజులు ఊరికి పోతే నేనొక్కదాన్ని ఉండలేను మేడం," అంది. మర్నాడు వాళ్లు విజయవాడలో మేడం అక్క కూతురి పెళ్లికి బయల్దేరాలి. పెళ్లి కాగానే చూపిద్దామంది మేడం. ఆమె మొహంలో కనిపించింది కోపం కాదు, భయం. అంతకుముందు ఇద్దరు ఆయాలు చెప్పకుండా వెళ్లిపోయారు.

గురువారం పొద్దున, "ఇటివ్వు, కింద ఛార్జింగ్ పెడతాను" అని మేడం నన్ను తీసుకుంది. ఛార్జర్ దగ్గరికి కాదు, తన హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లాను. చీకట్లో నాకు వినబడింది ఇనుప గ్రిల్లు లాగిన చప్పుడు, దానికి బయటి నుంచి తాళం పడిన చప్పుడు. తర్వాత కారు కదిలింది. ఫ్యాక్టరీలో విన్న ఆ పది చప్పుళ్ల తర్వాత నేను అంత వణికింది అప్పుడే.

"ఆ అమ్మాయి ఫోన్ ఎందుకు తెచ్చావ్?" అన్నాడు సారు, ఊరు దాటాక.

"అక్కడుంటే ఏజెన్సీకి ఫోన్ చేసి చక్కాపోతుంది. మావయ్యగారిని ఎవరు చూస్తారు? నాలుగు రోజులేగా. ఫ్రిజ్ నిండా వండి పెట్టాను."

ఆ పని సారుకు నచ్చలేదని ఆయన ఊపిరిలో తెలిసింది. కానీ కారు ఆపలేదు, ఏసీ కాస్త పెంచాడు.

తాత ఆయాసం నాకు తెలుసు. డెబ్బై నాలుగు రోజులు ఆయన దిండు పక్కనే పడుకున్నాను. ఆయన ఊపిరి అందక తడుముకుంటే నవనీత చెయ్యి ముందు వెళ్లేది ఆయన వీపు మీదికి, తర్వాత నా మీదికి. అంబులెన్సు నంబరు నాలో అన్నిటికంటే పైన పెట్టుకుంది. ఇప్పుడు ఆ చెయ్యి ఎక్కడ వెతుకుతోందో? నేను పట్టుచీరల మధ్య, సెంటు వాసనలో, నూటయాభై మైళ్ల దూరంలో ఉన్నాను.

సాయంత్రం ఆరు కావస్తుండగా కల్యాణ మండపంలో మేడం నన్ను బయటికి తీసింది. మనుషులు తప్పు చేసేటప్పుడు కూడా టైము పాటిస్తారు. "బొమ్మలు వెళ్లకపోతే ఆ స్నేహితురాలు గోల చేస్తుంది," అని సారుతో అంది. గాజుల చెయ్యి నా మీద పైకి జరిగింది, బుధవారం నాటి మెసేజ్ దగ్గర ఆగింది. వేలు నొక్కిపట్టి కాపీ చేసింది. తిరిగి పంపేసింది. అన్నం గిన్నె, నిద్రపోయే మొహం, తాబేలు.

తాబేలు రెండోసారి వెళ్లింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చూడు ఎస్తేరూ, అది నిన్నటిదే, చూడు అని లోపల్లోపల అరిచాను. నాకు నోరు ఉన్నది ఇంకొకరి మాట మోయడానికే.

నిమిషంలో జవాబొచ్చింది. కళ్లనీళ్లు వచ్చేలా నవ్వే మొహం, దాని పక్కన రెండు మిరపకాయలు. నువ్వు ఓడావు, బజ్జీలు పెట్టించు అని. ఎస్తేరు దాన్ని ఆటగానే చూసింది. డెబ్బై అయిదో రోజున దోస్తు ఓడిందని ఎగిరి గంతేస్తోంది.

మేడం మిరపకాయలను కాసేపు చూసింది. ఏమిటో అర్థం కాలేదు. బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపి ఊరుకుంది.

నవనీత ఆ బొమ్మ ఎప్పుడూ పెట్టదు. అది ఏజెన్సీ సూపర్‌వైజర్ పెట్టే బొమ్మ. సెలవు కావాలన్నా బొటనవేలే, పేషెంటు కొట్టాడన్నా బొటనవేలే. దానికి తోడు, ఓడితే ఒప్పుకునే పిల్ల కాదు నవనీత. అది వేరే రకం తాబేలు అని గంటసేపు వాదించేది. అవతల ఎస్తేరు టైప్ చేస్తున్నట్టు కనిపించింది. ఆగిపోయింది. మళ్లీ కనిపించింది, మళ్లీ ఆగిపోయింది. మూడోసారి కూడా అంతే. నేను జవాబు రావాల్సిన ఆ ఖాళీ చోటును చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఫోన్ మోగింది. మేడం ఉలిక్కిపడి నా గొంతు నొక్కేసింది. మూడుసార్లు మోగింది, మూడుసార్లూ నొక్కేసింది. 'బిజీ, రేపు చేస్తా' అని రాసి నన్ను బ్యాగులో పడేసింది. నా పాతకాలపు పిన్నుకు సరిపడే ఛార్జర్ వాళ్ల దగ్గర లేదు. తెల్లారేసరికి, అక్కడ ఏం జరుగుతోందో తెలియకుండానే, నేను ఆరిపోయాను.

మళ్లీ కళ్లు తెరిచింది పోలీస్ స్టేషన్ బల్ల మీద. ఎదురుగా ఎస్సై మేడం, పక్కన రాసుకునే కానిస్టేబుల్. గోడవార బెంచీ మీద ప్రసన్న మేడం, మనోహర్ సారు. ఈ పక్క ఎస్తేరు, ఆమె భుజాన్ని అంటుకుని నవనీత. నా పగిలిన మూలను నవనీత ఒక్కసారి తడిమింది. ఆ వేలు చల్లగా ఉంది.

ఎస్సై మేడం నన్ను చూస్తూ, "ఈ బొమ్మలకు అర్థం చెప్పు. అన్నీ రాసుకోవాలె," అంది ఎస్తేరుతో.

"అన్నం గిన్నె ఉంటే తాత తిన్నట్టు మేడం. ఈ మొహం ఉంటే పండుకున్నట్టు."

"ఈ తాబేలేంది?"

"అది ముందురోజుది. మా నవనీత ఒక్క జంతువును రెండుసార్లు పంపదు. గాడ్నే నాకు భయమైంది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, మెసేజ్ వచ్చింది గదా ఇంకేంది అన్నరు. నేను చూసుకునే అవ్వ, ఒక్క పూట నేనుంట తీ, నువ్వు పో బిడ్డా అన్నది. రెండు బస్సులు, ఒక ఆటో పట్టుకొని శుక్రవారం పగలు ఆ ఇంటికి పోయిన. గేటుకు తాళముంది. కేకలు పెడితే పైన కిటికీల నవనీత కనబడ్డది మేడం. నన్ను చూసి ఒక్కటే మాట అన్నది."

"ఏమన్నది?"

నవనీతే చెప్పింది. "తాత తినలే అన్న. నిన్నటి సంది లేవలే అన్న."

తాత పోయింది గురువారం మధ్యాహ్నం నాలుగింటికి. ఆయాసం ఎగదన్నితే నవనీత కిటికీలోంచి గొంతు పోయేదాకా అరిచింది. ఖాళీ ప్లాట్లలో ఎవరున్నారు వినడానికి? ఆ తర్వాత ఇరవై గంటలు, ఎస్తేరు వచ్చి పోలీసులను పిలిచేదాకా, ఆయన చెయ్యి పట్టుకుని ఆ గదిలోనే కూర్చుంది.

కానిస్టేబుల్ తను రాసింది ఒకసారి చదివి వినిపించాడు. గురువారం సాయంత్రం ఆరు గంటలకు విజయవాడ నుంచి పంపిన మెసేజ్, తిన్నాడు, పడుకున్నాడు. బెంచీ మీద మనోహర్ సారు తల పట్టుకున్నాడు. ఆ మాటలు మోసింది నేను. బతికున్నన్నాళ్లూ నాకు ఆ సిగ్గు పోదు.

నన్ను నంబరు రాసిన కవరులో వేసి నాలుగు నెలలు స్టేషన్‌లో ఉంచారు. ఆ తర్వాతే నవనీతకు ఇచ్చారు. ఆ మెసేజ్ తీసేయొద్దన్నారు, కేసు నడుస్తోంది. అందుకని ఆ రెండో తాబేలు ఇప్పటికీ నాలోనే ఉంది.

మొన్న శనివారం ఇద్దరూ బజ్జీల బండి దగ్గర కూర్చున్నారు. ఎస్తేరు ఊరుకోకుండా, "ఓడినవ్ గదా, ఇయ్యాల నువ్వే పెట్టియ్యాలె," అంది.

"నేనెక్కడ ఓడిన? అది నేను పంపలే."

"సరే తీ, నేనే పెట్టిస్త."

కాసేపు ఇద్దరూ తిన్నారు. కారానికి ముక్కు తుడుచుకుంటూ నవనీత అడిగింది. "ఎస్తేరూ, ఆ రోజు నిజంగ నేనే మర్చిపోయి తాబేలు పంపి ఉంటే? నువ్వు ఉత్తగనే అంత దూరం వచ్చేదానివి గద?"

"అయితేంది? వచ్చి బజ్జీలు తిని పోయేదాన్ని."

నవనీత నవ్వింది. నవ్వుతూనే పైటతో కళ్లు తుడుచుకుంది. అప్పటికి ఆరైంది. పక్కనే కూర్చున్నా సరే, పంపాల్సిందే కదా అని నన్ను తీసింది. జంతువుల వరుసలో వేలు మెల్లగా జరుగుతోంది. తాబేలు దగ్గరికి వచ్చింది. ఒక్క క్షణం ఆగింది. దాటి వెళ్లింది. అది దాటేదాకా, రోజూలాగే, నాకు ఊపిరి ఆడలేదు.