ఎవాంథియా గారి రెండో వాంగ్మూలం

మహీధర్ వేళ్లు రెండు కన్వేయర్ బెల్టులో నలిగిపోయినప్పుడు నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను. చూశాను. బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన ఇనుప జాలీని, పని జోరు పెరగాలని, వారం ముందు సూపర్‌వైజరే విప్పించాడు. అదీ చూశాను. అంబులెన్స్ వెళ్లిన ఇరవై నిమిషాలకు బెల్టు మళ్లీ తిరిగింది. నేను పెట్టెలు సర్దాను. నాకేమీ అనిపించలేదు.

షిఫ్టు ముగిసేలోగా మమ్మల్ని ఒక్కొక్కరినే ఆఫీసు గదిలోకి పిలిచారు. కాగితం ముందే టైపు చేసి ఉంది. జాలీ తీసింది మహీధరేనట. టొరంటో పక్కన వాన్ అనే ఊళ్లోని ఆ గోడౌనులో అతను కాక మా షిఫ్టులో మిగిలింది పదమూడు మందిమి, ఎక్కువమంది స్టూడెంట్లమే. వర్క్ పర్మిట్ మాటెత్తితే చాలు, మా నోళ్లు పడిపోతాయి. సుధామయి అని శుభ్రంగా సంతకం పెట్టి వచ్చాను. చదువుకున్నదాన్ని కదా, చదివే పెట్టాను.

వారంలో రెండు రోజులు కాలేజీ ప్లేస్‌మెంట్ కింద నాకు గ్రీకుల సంఘంలో పని. కెనడాకు వచ్చి అంట్లు తోమిన, కోట్లు కుట్టిన, రోడ్లు వేసిన మామూలు గ్రీకు మనుషుల జీవితాలను వాళ్ల నోటితోనే రికార్డు చేసి దాచే పని. యజమానుల కథలు రాయడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. వీళ్లవి వీళ్లు చెప్పకపోతే వీళ్లతోనే పోతాయి. అక్కడొక కట్టుబాటు ఉంది. చెప్పింది చెరపకూడదు. తాము చెప్పింది తామే విని, ఇది తప్పు అని ఎవరైనా అంటే, దాని వెనకే కొత్తగా చెప్పించాలి. తారీఖులతో సహా రెండూ ఉంటాయి.

డెబ్భై తొమ్మిదేళ్ల ఎవాంథియా గారు అలాగే వచ్చారు. టొరంటోలో కోట్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు కుట్టిన మనిషి. యజమాని దేవుడని నెల కిందట చెప్పి వెళ్లారు. ఇప్పుడది విని, హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, మళ్లీ చెబుతానన్నారు. 1974లో యూనియన్ పెట్టబోయిన సోఫియా అనే తోటి కుట్టుపనామె మీద యజమాని దొంగతనం మోపాడు. ఇంగ్లీషు రాని ఎవాంథియా గారు వాడు చూపించిన చోట సంతకం పెట్టారు. సోఫియా ఉద్యోగం పోయింది. ఆ ఫ్యాక్టరీలో యూనియన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

"చదవడం రాక పెట్టానని యాభై ఏళ్లు చెప్పుకున్నాను" అన్నారు, వచ్చీరాని ఇంగ్లీషులో. "సోఫియా దొంగ కాదని తెలియడానికి చదువెందుకు?"

మధ్యలో మాట్లాడకూడదన్నది కూడా అక్కడి నియమమే. చాలా రోజుల తర్వాత నాకు ఏదో అనిపించింది. అది సిగ్గు.

ఆదివారం మహీధర్ ఉండే బేస్‌మెంట్‌కి వెళ్లాను. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని గోడ వైపు చూస్తున్నాడు. తప్పంతా అతనిదేనని కంపెనీ ఉత్తరం పంపింది.

"జాలీ నేనే తీసిన్నని నువ్వు గూడ సంతకం పెట్టినవట గద" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అవునన్నాను.

ఫోన్లు చేసి అందరినీ అక్కడికే పిలిచాను. తెలుగువాళ్లం, పంజాబీలు, ఇద్దరు ఫిలిపీనోలు, పదమూడు మందిమి పరుపుల మీద ఇరుక్కుని కూర్చున్నాం. అరుచుకున్నాం. యోగానంద్‌కి ఇక్కడే స్థిరపడటానికి ఇంకో రెండు నెలల్లో పీఆర్ రావాలి. ఇప్పుడు మాట మారిస్తే మనమే అబద్ధాలకోరులమవుతామని వాదించాడు. కర్నూలు నుంచి వచ్చిన బాలత్రిపురసుందరి అక్క అంతసేపూ విన్నది.

"అయితే అబద్ధమాడినామనే చెప్దాం. ఎందుకాడినామో గూడా చెప్దాం" అంది.

గ్రీకుల దగ్గర నేర్చిన పద్ధతి చెప్పి, ఫోను మధ్యలో పెట్టాను. పేరు, ఊరు, చూసింది, దాచింది. మహీధర్ ఎదురుగానే ఒక్కొక్కరం చెప్పాం. యోగానంద్ అందరికన్నా చివర చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. ఆ ఏడుపూ చెరపలేదు. అన్నీ కాగితం మీదికి ఎక్కించి సంతకాలు పెట్టి, ఒక కాపీ కార్మిక శాఖకు పంపాం.

సోమవారం ఉదయం బెల్టు ఆపి అందరం ఒకేసారి ఆఫీసు గదిలోకి నడిచాం. సూపర్‌వైజర్ ఒక్కొక్కరే రండన్నాడు. ఎవరూ కదల్లేదు. పాత కాగితాలు తీసి, ఇవి మీ సంతకాలు కావా అన్నాడు.

"మావే" అన్నాను. "అవి చింపొద్దు. వాటి వెనక ఇవి పెట్టండి."

మధ్యాహ్నానికి తలుపులు తెరిచే మా బ్యాడ్జిలు పనిచేయడం మానేశాయి. సెక్యూరిటీ వాళ్లు పదమూడు మందినీ గేటు బయట మంచులో నిలబెట్టారు. నా పర్మిట్ ఏమవుతుందో తెలియదు. భయం వేసింది.

మూడింటి షిఫ్టుకు బస్సు దిగిన వాళ్లు, బయటెందుకు నిలబడ్డారని మమ్మల్ని అడిగారు. అక్క చెప్పడం మొదలుపెట్టింది. చెప్పడం అయిపోయాక, మహీధర్ పనిచేసిన చోట ఇవాళ ఎవరు నిలబడాలని వాళ్లలో ఒకతను అడిగాడు. తననే నిలబడమన్నారని ఇంకొకతను చెయ్యెత్తాడు. మూడూ పది అయింది. లోపల హారన్ రెండుసార్లు మోగింది. ఎవరూ గేటు దాటలేదు.