రిలీవర్ రాని సర్వరు

మా రిటైర్డ్ కార్మికుల సంఘం వెబ్‌సైటు పడిపోయిన ప్రతిసారీ ప్రెసిడెంట్ గట్టయ్య నా వైపు చూస్తాడు. గోదావరిఖనిలో కరెంటు పోయినా, నల్లా రాకపోయినా ఆయన చూపు ఎవరో ఒకరి మీద పడాల్సిందే కనుక నేను పట్టించుకునేదాన్ని కాదు. ఆ బుధవారం మాత్రం ఆయన చూసి ఊరుకోలేదు, మెమో ఇచ్చాడు.

ఆ వెబ్‌సైటు చేసే పని ఒక్కటే. గనుల్లో చేసి రిటైరైన ముసలివాళ్లకు దవాఖానలో డాక్టరుకు చూపించుకునేందుకు చీటీలు ఇవ్వడం. పొద్దున ఏడింటికి తెరుచుకోవాలి. ఐదారు రోజులకోసారి తెరుచుకోదు. అప్పుడు నేను సర్వరును ఆపి మళ్లీ నడిపిస్తాను, అది బుద్ధిగా లేచి కూర్చుంటుంది. మూడు నెలల కింద నన్ను కాంట్రాక్టు మీద తీసుకున్నప్పుడు గట్టయ్య చెప్పిన పని కూడా అంతే. "పడితే లేపాలె మెహ్రీన్. లోపల కెలుకుడు పెట్టుకోకు." నేను చదివిందేమో కెలికే చదువే.

గట్టయ్య గనిలో ఓవర్‌మన్‌గా చేశాడు, అంటే ముప్పై ఐదేళ్లు ఒక షిఫ్టు మనుషులందరినీ అదిలించాడు. రిటైరైంది ఒళ్లే, నోరు కాదు. సంఘం ఆఫీసును కూడా గనిలాగే నడుపుతాడు. కుర్చీలకు నంబర్లు వేయించాడు. టీ తాగడానికి పోతే రిజిస్టరులో రాసి పోవాలి, వచ్చి రాయాలి. టీ బాగుందో లేదో రాయమనలేదు, అదే పదివేలు.

ఒకరోజు నేను సర్వరు మెమరీ లెక్క చూస్తుంటే వెనక నిలబడి తెర మీద వేలు పెట్టాడు.

"ఫ్రీ అన్న కాడ రెండొందల ఎంబీనే ఉన్నది. ఎనిమిది జీబీల మెమరీ ఎవడు తిన్నడు?"

"ఎవ్వలు తినలే కాకా. లైనక్స్ ఖాళీ మెమరీని ఊరికే ఉంచది. ఒకసారి చదివిన ఫైళ్లను అండ్ల పెట్టుకుంటది, అవసరం పడితే ఇడుస్తది. పక్కన అవైలబుల్ అని ఉన్నది చూడున్రి, గది అసలు లెక్క."

"నాకు చదువు చెప్తున్నవా? ఫ్రీ అంటే ఖాళీ. ఖాళీ లేదు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. వారం తిరగకుండా చందాలు వేసి కొత్త ర్యామ్ తెప్పించాడు. ఎనిమిది జీబీలు పదహారయ్యాయి. కొబ్బరికాయ కొట్టారు. గట్టయ్యకు శాలువా కప్పారు. ఆ ముక్కను సర్వరులో ఎక్కించిన నాకు కొబ్బరి చిప్ప దక్కింది. "ఇగ మన సర్వరు పడది" అని ఆయన మైకులో చెప్పాడు. పన్నెండో రోజు పడింది.

మెమో ఇచ్చింది ఆ రోజే. ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల సర్వరు ఆగిందట. శనివారం కమిటీ ముందు సరైన సంజాయిషీ ఇవ్వకపోతే కాంట్రాక్టు రద్దు. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. అబ్బా గులాం అలీ ఏళ్ల తరబడి గనిలో నీటి పంపు నడిపి, మోకాళ్లు పోయి ఇంట్లో కూర్చున్నాడు. ఈసారి లేపే ముందు కెలికి తీరాలనుకున్నాను.

ముందు కెర్నల్ రాసుకునే చిట్టా తెరిచాను. మెషీన్ మొత్తాన్ని నడిపేది కెర్నలే. మెమరీ బొత్తిగా నిండుకుంటే, నడుస్తున్న ప్రోగ్రాముల్లో ఎక్కువ తింటున్నదాన్ని ఒకదాన్ని చూసి చంపేస్తుంది. డేటాబేసును చంపానని అందులో నిజాయితీగా రాసి ఉంది. చీటీలన్నిటినీ మోసేది డేటాబేసే. మోసేవాడి బరువు ఎక్కువ కనిపించింది కనుక వేటు వాడి మీదే పడింది. మా ఆఫీసు సంగతులు కెర్నల్‌కు ఎవరు చెప్పారో తెలియదు.

మరి మెమరీని అంతదాకా నింపిందెవరు? నడుస్తున్న ప్రోగ్రాములను తిండి వరసన పేర్చి చూశాను. చీటీలు రాసే ప్రోగ్రాం ఒక్కటే ఉండాలి. ముప్పై ఆరు ఉన్నాయి. ఒక్కొక్కటీ నాలుగు వందల ఎంబీ పట్టుకుని, పనీపాటా లేకుండా కూర్చుని ఉంది. ఎప్పుడు మొదలయ్యాయో చూశాను. పొద్దున ఏడు, పగలు మూడు, రాత్రి పదకొండు. మర్నాడు మళ్లీ ఏడు, మూడు, పదకొండు. ఖనిలో పుట్టినవాళ్లకు ఆ అంకెలేమిటో చెప్పనక్కర్లేదు. అవి గనిలో షిఫ్టులు మారే వేళలు. ఆ వరసను దాచిపెట్టుకుని, అప్పుడు సర్వరును లేపాను.

ప్రోగ్రాం రాసిన రుత్విక్‌కు ఫోన్ చేశాను. గట్టయ్య మేనల్లుడు, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం.

"గది మామ పెట్టిన రూలు అక్కా" అన్నాడు. "పంపు మీద ఉన్నోడు, రిలీవర్ వచ్చి చార్జి తీసుకునేదాక దిగొద్దు కదా. సర్వరుకు గూడ గట్లనే పెట్టుమన్నడు. షిఫ్టుకొక కొత్త ప్రోగ్రాం ఎక్కుతది. షిఫ్టు ఇన్‌చార్జి బటన్ నొక్కి చార్జి తీసుకుంటేనే పాతది దిగుతది."

"ఇన్‌చార్జిలెవరు?"

"ముగ్గురు ముసలోళ్లను ఏసిండు. పాస్‌వర్డు ఒక్కనికి గూడ యాదికి లేదు."

"మరి నువ్వన్న మీ మామకు చెప్పకపోతివా?"

"మామకా?" అని నవ్వి ఫోన్ పెట్టేశాడు.

శనివారం మీటింగులో ఆ వరసనంతా గోడ మీద వేసి చూపించాను. సభ్యుడు కనుక అబ్బా కూడా కర్ర పట్టుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

"సర్వరు పడేనాటికి పన్నెండు రోజుల సంది ముప్పై ఆరు ప్రోగ్రాములు రిలీవర్ కోసం చూస్తున్నయి కాకా" అన్నాను. "ఒక్కటి గూడ దిగలే. కొత్త ర్యామ్ ఏస్తే అవి కూసునుడానికి ఇంకింత జాగ దొరికింది, గంతే. రూలు తీసేస్తే సర్వరు పడది."

గట్టయ్య ముఖం మాడిపోయింది. "రూలెట్ల తప్పయితది? రిలీవర్ లేకుంట మనిషి దిగితే గని మునుగుతది. గా రూలు నడిపిచ్చిన ముప్పై ఐదేండ్లల్ల దాంతోని ఒక్క నుక్సాన్ కాలే." పక్కనున్న సెక్రెటరీ వైపు తిరిగాడు. "రఘుపతీ, రాయి. ఆపరేటర్ తప్పు ఒప్పుకోలే."

"ఒక్కటైంది గట్టన్నా."

అబ్బా లేచి నిలబడ్డాడు. నేనాయనను మాట్లాడమని అడగలేదు. మీటింగుల్లో ఆయన నోరు విప్పగా ఎన్నడూ చూడలేదు కూడా.

"మనం కాసిపేట గనిల చేసినప్పుడు నా రిలీవర్ రాలే. రెండో షిఫ్టు గూడ ఉండుమన్నవ్, ఉన్న. మూడోది గూడ ఉండుమన్నవ్. రూలన్నవ్. ఇరవై గంటలైనంక నా కండ్లు మూతపడ్డయ్. పంపు కాలింది. కాయితం మీద నువ్వేం రాసినవ్?"

గట్టయ్య ముందున్న ఫైలు సర్దుకున్నాడు.

"ఆపరేటర్ డ్యూటీల పండిండు అని రాసినవ్. ఎన్ని గంటల సంది పంపు మీదున్నడో రాయలే." అబ్బా గొంతు పెంచలేదు. "నాది నేను మోసిన. నా బిడ్డ మీద గూడ గదే రాస్తే ఊకోను."

గట్టయ్య ఫైలులోంచి నా మెమో తీసి, రెండుగా చింపి, చెత్తబుట్టలో వేశాడు.

"రూలు తప్పని రాయాల్నా సార్?" అని రఘుపతి అడిగాడు.

"ప్రెసిడెంట్ గారి సలహాతో లోపం సవరించబడినది అని రాయి."

రఘుపతి అట్లాగే రాశాడు. నేను రూలు తీసేసి, బుధవారం నుంచి మళ్లీ పేరుకున్న ప్రోగ్రాముల్లో ఒక్కదాన్ని ఉంచి మిగతావన్నీ దింపాను. మెమరీ తేలికపడింది. అబ్బా పేరు మాత్రం ఏ కాగితం మీదా ఎక్కలేదు.

అబ్బాను స్కూటీ మీద ఎక్కించుకుని ఇంటికి బయలుదేరాను. పంపు కాలిన సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, మా వాడంతా తెలుసు. డ్యూటీలో పడుకుని కాల్చుకున్నాడనే అందరూ అంటారు. మూడు షిఫ్టుల మాట మాత్రం నేను ఎన్నడూ వినలేదు.

"ఇంట్ల ఎందుకు చెప్పలేదు అబ్బా?"

"చెప్పిన బేటా, ఆ రోజే చెప్పిన. మీ అమ్మీ ఓవర్‌మన్ సంతకం నమ్మింది. మల్ల చెప్పబుద్ధి కాలే."

అబ్బా కుర్చీలో కునుకు తీసినప్పుడల్లా "పంపు చూసుకో అబ్బా" అని అందరికంటే ముందు నవ్వేదాన్ని నేనే. మొన్న రంజాన్ నాడు చుట్టాలందరి ముందూ అన్నాను. ఆయన కూడా మాతో కలిసి నవ్వాడు.