చాలంటే వాలే జెండా

నేను ఒక జెండాను. కంగారుపడి లేచి నిలబడకండి, నేను అంతటిదాన్ని కాను. నా ఎత్తు జానెడు, వెడల్పు మీ అరచేతిలో సగం. నా మీద బొమ్మ లేదు, గుర్తు లేదు, నాకు ఎన్నికలతో పని లేదు. రాజమహేంద్రవరంలో ‘బొగ్గుల కుంపటి’ అనే హోటల్లో, కిటికీ పక్క బల్ల మీద ఉండేదాన్ని. నేను నిలబడి ఉన్నంతసేపూ ఆ బల్లకి తిండి వస్తూనే ఉంటుంది, పడుకోబెడితే ఆగిపోతుంది. అదీ నా ఉద్యోగం. పెద్ద పెద్ద జెండాల కింద ఎంతమందికి కడుపు నిండిందో నాకు తెలియదు గాని, నా కింద కూర్చుని ఆకలితో లేచినవాళ్ళు లేరు. లేవబోయినవాళ్ళు మాత్రం ఒకసారి ఉన్నారు. వాళ్ళ కథ చెప్పకుండా నా కథ చెప్పలేను.

నా పుట్టుక ఏమంత గొప్పది కాదు. వడ్డించేవాళ్ళకి ఏప్రన్లు కుట్టగా మిగిలిన ఎర్రగుడ్డ పేలికని. కోటగుమ్మం దగ్గర మిషను కుట్టే రమీజాబీకి పేలికలు పారేయాలంటే ప్రాణం ఒప్పదు, అందుకని మమ్మల్ని ఇలా కత్తిరించి అంచులు కుట్టింది. వెన్నెముక మాత్రం వెదురు పుల్ల. కబాబులు గుచ్చే పుల్లల కట్టలోంచి నన్ను లాగారు. నా తోడబుట్టినవాళ్ళు చాలామంది ఒంటినిండా కోడిముక్కలు గుచ్చుకుని నిప్పుల పాలయ్యారు, బల్లకొకరం చొప్పున కొద్దిమందిమే ఎర్రచీర కట్టుకుని బల్లెక్కాం. రాసిపెట్టి ఉండాలంటారు చూడండి, అదే ఇది. చిల్లు పెట్టిన మామిడి చెక్క ఒకటి నాకు సింహాసనం.

మా యజమాని బోర్డు మీద ‘సదరన్ స్టైల్ బార్బెక్యూ’ అని రాయించాడు. అమెరికాలో దక్షిణాదివాళ్ళు మాంసాన్ని గంటల తరబడి పొగలో మగ్గబెడతారట. మా పెరట్లోనూ ఇనుప పీపాలో చింతకట్టెల పొగ మీద మేక పక్కటెముకలు పొద్దుటినుంచీ మగ్గుతుండేవి. అయితే వాటికి పట్టించేది ఉలవచారు, పైన రాసేది బెల్లం వేసి చిక్కగా కాచిన చింతపండు పులుసు. ఏ దేశపు దక్షిణమో నన్నడగకండి, ఆ వాసనకి వీధి చివర ఆటోలు ఆగేవి. ప్రతి బల్ల మధ్యలో ఒక గుంట, గుంటలో కణకణలాడే నిప్పులు, వాటి మీద పుల్లలకి గుచ్చిన రొయ్యలు, గోంగూర కోడి, మొక్కజొన్న. ఎవరి బల్ల దగ్గర వాళ్ళు తిప్పుకుంటూ, వేళ్ళు కాల్చుకుంటూ, ఊదుకుంటూ తినాలి. ఇంట్లో పొయ్యి దగ్గరికి రమ్మంటే మొహం చిట్లించే మగవాళ్ళు ఇక్కడ పుల్ల తిప్పడానికి పోటీలు పడేవాళ్ళు.

వచ్చినవాళ్ళకి నా సంగతి చెప్పే బాధ్యత జోగిరాజుది. వడ్డించేవాళ్ళందరికీ పెద్ద అతనే. ‘జెండా నిలబడున్నంతసేపూ మేం తెత్తానే ఉంటావండి. చాలనుకుంటే పడుకోబెట్టేయండి, ఇటేపు రావండి’ అని ప్రతి బల్ల దగ్గరా ఒకే రాగంలో చెప్పేవాడు. వెనక ఎవరో పెద్దమనిషి, వద్దంటున్నా తెచ్చి పెడుతున్నారని రభస చేశాడట. అప్పటినుంచి జెండా పడుకున్న బల్ల దరిదాపులకి వెళ్ళకూడదని యజమాని గట్టిగా చెప్పాడు.

నా కింద ఎన్ని రకాల మనుషులు తిన్నారని! ముందురోజునుంచి కడుపు మాడ్చుకుని వచ్చి, నాలుగు పుల్లలకే బెల్టు వదులు చేసుకుని గోడకి చేరగిలబడ్డ కుర్రకారుని చూశాను. శనివారం నియమం పట్టి మొక్కజొన్న మాత్రమే కొరుకుతూ, పక్కవాడి ఎముక వైపు భక్తిగా చూసే భక్తుణ్ణి చూశాను. ఒక ముసలావిడైతే అందరూ చేతులు కడుక్కుని వచ్చినా నన్ను పడుకోనివ్వలేదు. తింటున్న చోట జెండా వాల్చడం అశుభమని ఆవిడ వాదన. పాపం, జోగిరాజు ఆ రోజు పుల్లలు మోసి మోసి చచ్చాడు.

ఇక అసలు సంగతికొస్తాను. ఒక ఆదివారం మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి ఆరుగురు వచ్చారు. అమ్మాయి హిమజ, అబ్బాయి సుదీప్. ఇద్దరూ ఈ ఊళ్ళోనే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతారు, ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇప్పుడు పెద్దవాళ్ళు ఒకరినొకరు ఇష్టపడాలి. అదే కష్టం. హిమజ తండ్రి ముక్తేశ్వరరావు గారిది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం, తల్లి నాగరత్నం. సుదీప్ తండ్రి పైడిరాజు గారు విజయనగరంలో జూట్ మిల్లు సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు, తల్లి ఉమాదేవి. సంబంధం ఖాయమయ్యేదాకా ఆడపిల్లవాళ్ళింట్లో చెయ్యి కడగకూడదని పైడిరాజు గారి పట్టింపు. ఇంటికొచ్చినవాళ్ళకి భోజనం పెట్టకుండా పంపితే ముక్తేశ్వరరావు గారికి తలవంపు. అందుకని పిల్లలిద్దరూ తెలివిగా హోటలు ఎంచారు. ఎవరింటికీ ఎవరూ వెళ్ళనక్కర్లేదు, ఎవరికీ పట్టింపు లేదు. అక్కడే వచ్చింది తంటా. ఎవరిల్లూ కానిచోట కొసరి కొసరి పెట్టేదెవరు?

జోగిరాజు వచ్చి నా గురించి చెప్పాడు. పెద్దవాళ్ళు నలుగురూ తలూపారు గాని ఒక్కరూ వినలేదు. చొక్కా గుండీలనుంచి చెప్పుల దాకా ఒకరినొకరు కొలుచుకునే పనిలో ఉన్నారు. మొదటి విడత రొయ్యలు వచ్చాయి. పైడిరాజు గారు ఒక్క రొయ్య తిన్నారు. కళ్ళు మూసుకుని మరీ తిన్నారు. నేను దగ్గర్నుంచి చూశాను, అది కడుపు నిండిన మొహం కాదు, అప్పుడే ఆకలి రేగిన మొహం. జోగిరాజు రెండో పుల్ల పట్టుకుని వంగేసరికి ఆయన, ‘చాలు బాబూ, మరేటీ వొద్దు’ అంటూ నన్ను చెక్కలోంచి పీకి పళ్ళెం పక్కన పడుకోబెట్టేశారు.

మనవాళ్ళలో మొదటి ‘వద్దు’కి అర్థమేమిటో మీకు నేను చెప్పాలా? పెట్టేవాళ్ళు వినకూడదు. ‘అదేంటండీ, ఏం తిన్నారని’ అనాలి, విస్తరికి అడ్డం పెట్టిన చేతిని తప్పించి మరీ వెయ్యాలి. రెండోసారీ వద్దంటారు, అయినా వెయ్యాలి. మూడోసారికి ‘మీ బలవంతం కాకపోతే’ అంటూ లొంగి, అప్పుడు అసలు భోజనం మొదలెడతారు. జోగిరాజు కూడా ఈ గడ్డ మీద పుట్టినవాడే, వాడికి తెలియక కాదు. కానీ నేను పడుకుని ఉన్నాను. వాడు పుల్లలు పట్టుకుని అలాగే పక్క బల్లకి వెళ్ళిపోయాడు.

పైడిరాజు గారు వెళ్ళిపోతున్న పుల్లల వంక చూశారు. ఇప్పుడు ఎవరో ఒకరు బలవంతం చేస్తారని ఎదురుచూశారు. ముక్తేశ్వరరావు గారు, పెట్టేది హోటలువాళ్ళు కదా, మధ్యలో మనం కొసరితే బాగుంటుందా అని ఊరుకున్నారు. పైగా ఆయన మనసులో వేరే పురుగు దొలిచింది. ఒక్క రొయ్యకే చాలన్నాడంటే ఈయనకి సంబంధం నచ్చలేదన్నమాట. ఉమాదేవి గారు మొగుడి చేతికేసి, ఎదుటివాళ్ళ మొహాలకేసి చూసింది. గోదావరి జిల్లాలవాళ్ళ మర్యాద గురించి ఆవిడ చిన్నప్పటినుంచి వింటూనే ఉంది, ఇదేనా ఆ మర్యాద అనుకుంది. మగపెళ్ళివారు చాలన్నాక తమకి కావాలనడం ఎలాగని నాగరత్నం గారు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. సుదీప్ నన్ను లేపబోతే తల్లి బల్ల కింద తొడపాశం పెట్టింది. నాన్న పడుకోబెట్టిన జెండాని కొడుకు లేపుతాడా, అందులోనూ పెళ్ళివారి ముందు!

మధ్యలో నిప్పులు ఊరికే కణకణలాడుతున్నాయి. విజయనగరంవాళ్ళు తెల్లవారుజామున రైలెక్కారు, మంచి భోజనం ఉంది కదా అని టిఫిను కూడా చేయలేదు. అంబాజీపేటవాళ్ళదీ అదే తెలివి. ఎవరి కడుపు ముందు మూలిగిందో గాని, మిగతావి కూడా అందుకున్నాయి. అది వినబడకుండా వాతావరణం గురించి మాట్లాడారు, కొబ్బరి ధర గురించి మాట్లాడారు, మిల్లు గురించి మాట్లాడారు. పక్క బల్ల మీద నా చెల్లెలు టీవిగా నిలబడి ఉంది. అక్కడికి పక్కటెముకల పళ్ళెం వెళుతుంటే బెల్లం పులుసు వాసన మా బల్ల మీదుగానే వెళ్ళింది. పైడిరాజు గారి మెడ దాంతోపాటే తిరిగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. లేచి నిలబడదామంటే నాకు కాళ్ళు లేవు, అరుద్దామంటే నోరు లేదు. మాటలు క్రమంగా పొడిబారిపోయాయి. ఆఖరికి ముక్తేశ్వరరావు గారు గొంతు సవరించుకుని, అయితే ఇంటికెళ్ళి ఆలోచించుకుని ఫోను చేస్తామన్నారు. పెళ్ళిమాటల్లో ఆ ముక్కకి అర్థమేమిటో బల్ల దగ్గర అందరికీ తెలుసు. సుదీప్ మొహం పాలిపోయింది.

అప్పుడు హిమజ చెయ్యి చాచింది. నన్ను తీసి నిటారుగా చెక్కలో గుచ్చింది. వాళ్ళమ్మ పళ్ళు బిగించి ఏదో అంటున్నా వినలేదు.

“మావయ్యగారూ, మీకు ఆకలేస్తోంది. నాకూ ఆకలేస్తోంది. ఇంకొక్క పుల్ల తినండి,” అంది.

తాంబూలాలు లేవు, మాటా లేదు, అప్పుడే మావయ్యగారట! నాగరత్నం గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పైడిరాజు గారు ఆ పిల్ల వంక చూశారు. పాత అలవాటు కదా, చెయ్యి దానంతటదే వచ్చి నన్ను మళ్ళీ పడుకోబెట్టింది. కడుపు నిండిపోనాదమ్మా అన్నారు. హిమజ నన్ను మళ్ళీ లేపింది. ఒక్క ఎముకండీ, నా మాట కోసం, అంది. ఆయన మళ్ళీ వాల్చారు గాని, ఈసారి వేళ్ళు నన్ను వదల్లేదు, మీసం కింద ఏదో కదిలింది. హిమజ ఆ వేళ్ళలోంచి నన్ను లాక్కుని చెక్కలో ఎంత బలంగా గుచ్చిందంటే, నా వెన్ను పుటుక్కుమంది. పుల్ల చీలింది. నాకు నొప్పి తెలియలేదు, పరువు నిలబడినందుకు సంతోషమే తెలిసింది.

పైడిరాజు గారు చేతులు రెండూ వెనక్కి తీసుకున్నారు.

“మూడుమార్లు అనిపించుకోకుండా మా ఇంటికాడ ఎవలూ తినరమ్మా. నువ్వు రెండు మార్లకే ఆపెత్తావేమోనని బెంగెట్టుకున్నాను,” అన్నారు.

ముందు నవ్వింది ఉమాదేవి గారు. ఆ తర్వాత ఎవరు ఎవరికంటే గట్టిగా నవ్వారో చెప్పలేను. జోగిరాజు ఎక్కడ కాచుకుని ఉన్నాడో, రెండు చేతులా పుల్లలతో పరిగెత్తుకొచ్చాడు. నాగరత్నం గారు లేచి నిలబడి వియ్యపురాలి పళ్ళెంలో ఎముకలు వెయ్యడం మొదలెట్టింది. ఆవిడ వద్దంటుంటే ఈవిడ వినదు, ఈవిడ వద్దంటుంటే ఆవిడ వినదు, ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. మగవాళ్ళిద్దరూ పుల్లలు తిప్పడంలో మెళకువల గురించి వాదించుకుంటూ ఒకరి పుల్ల ఒకరు మాడ్చారు. ఆఖర్న అందరూ పెరుగన్నం అడిగారు. సదరన్ స్టైలో మరోటో, పెరుగన్నం పడకపోతే మనవాళ్ళకి భోజనం పూర్తయినట్టు కాదు. ఫోను చేస్తామన్న ముక్తేశ్వరరావు గారు చెయ్యి కడుక్కోకముందే ముహూర్తాల గురించి అడిగారు. అమ్మాయికి పెట్టడం వొచ్చు, ఇంకేటి చూడాలి, అని ఉమాదేవి గారు ఎముక చప్పరిస్తూ తేల్చేసింది.

తర్వాత హిమజ సుదీప్‌తో మాట్లాడుతుంటే విన్నాను. పైడిరాజు గారు ఎవరి పెళ్ళికో వెళ్ళి, ఎవరూ కొసరలేదని ఒక్క లడ్డూతో లేచొచ్చి, ఇంట్లో చద్దన్నం ఉల్లిపాయతో తిన్నారట. ఆ కథ సుదీప్ ఎప్పుడో హిమజకి నవ్వుతూ చెప్పాడు. ఆ పిల్లకి మాత్రం నవ్వు రాలేదట, గుర్తు పెట్టుకుంది.

వెన్ను విరిగిన జెండాకి హోటల్లో ఉద్యోగం ఉండదు. జోగిరాజు నన్ను ఎంగిలి పళ్ళేల్లో పడేయబోతుంటే హిమజ అడిగి తీసుకుంది. దువ్వెన పక్కన, పొగవాసనతో, హ్యాండ్‌బ్యాగులో ఊరేగాను. పెళ్ళయ్యాక దానవాయిపేటలో వాళ్ళ అద్దె వాటాకి వచ్చాను. సుదీప్ నా చీలికకి దారం చుట్టి, ఉప్పుడబ్బా మూతకి చిల్లు పెట్టి అందులో నిలబెట్టాడు. అంటే ఇప్పుడు నేను ఉప్పు మీద కొలువున్నాను.

కానీ ఈ ఇంట్లో నా మాట ఎవరూ వినరండీ. హోటల్లో నేను వాలితే అంతమంది వడ్డించేవాళ్ళూ ఆగిపోయేవాళ్ళు. ఇక్కడ పైడిరాజు గారు వచ్చినప్పుడల్లా రెండు ముద్దలు తిని నన్ను పడుకోబెడతారు, హిమజ నా వంక చూడనైనా చూడకుండా గరిటెడు వేస్తుంది. ముక్తేశ్వరరావు గారు వస్తే ఆయనా అంతే, ఆయనకీ అంతే. కొన్నాళ్ళు ఉక్రోషపడ్డాను. తర్వాత అలవాటైపోయింది.

మొన్న పైడిరాజు గారు కళ్ళు చూపించుకోవడానికి ఒక్కరే వచ్చారు. హిమజ ఎండురొయ్యలు వేసి వంకాయ కూర వండింది. వడ్డించి, ఆయన నన్ను పడుకోబెడితే ఎప్పటిలాగే వినకుండా మరికాస్త వేసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళింది. సుదీప్ ఇంకా కాలేజీనుంచి రాలేదు. ఆయన కంచంలో అన్నం అయిపోయింది. కంచం అంచున మిగిలిన కూర వేలితో తీసుకుని నాకారు. వంటింటి వైపు చూశారు. పిలవలేదు. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అడిగి పెట్టించుకోలేదని నాకు తెలుసు.

ఎడమచెయ్యి మెల్లగా నా దగ్గరికి వచ్చింది. నన్ను లేపింది. ఉప్పుడబ్బా మూతలో, చీలిక మీద బరువు పడకుండా, జాగ్రత్తగా నిలబెట్టింది.

హిమజ గుమ్మంలోకి వచ్చి నన్ను చూసింది. నవ్వలేదు. లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చి వడ్డించింది. ఆయన వద్దనలేదు.